మొదటి మెట్టు

నాజీ జర్మనీ పాఠం చెప్పినప్పుడల్లా ఎవరో ఒక పిల్లవాడు అడుగుతాడు: "సార్, ఒక్క హిట్లర్ అంతమందిని ఎట్ల చంపిండు?" నారాయణపేట పిల్లలు అడిగే ఈ ప్రశ్న మీదనే చరిత్రకారులు కూడా దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు.

నాజీలు, వారికి తోడైనవారు కలిసి సుమారు 60 లక్షల మంది యూదులను చంపారు. హిట్లర్ మొదటి నుంచీ పెంచుకున్న పగే దీనికి మూలమని కొందరు చరిత్రకారులు అన్నారు. పగ ఒక్కటే చాలదని, అధికారులూ శాఖలూ ఒకరిని మించి ఒకరు కఠినమవుతూ పోగా యుద్ధకాలంలో అది సామూహిక హత్య దాకా వెళ్ళిందని హాన్స్ మామ్సెన్ వంటివారు వాదించారు. ఈనాడు చాలామంది ఈ రెండింటినీ కలిపి చూస్తారు. యూదుల మీద ద్వేషం శతాబ్దాల నాటిది. దానికి మొదటి ప్రపంచ యుద్ధంలో ఓటమి, 1929 తర్వాతి నిరుద్యోగం తోడయ్యాయి. 1933లో జర్మనీ జనాభాలో యూదులు నూటికి ఒక్కరు కూడా లేరు. అయినా దేశం కష్టాలన్నిటికీ నింద వారి మీదనే వేశారు.

రావుల్ హిల్‌బర్గ్ 1961లో వెలువరించిన గ్రంథంలో ఈ సంహారానికి ఒక వరుస చూపాడు. మొదట ఎవరు యూదులో నిర్వచించారు. తర్వాత ఉద్యోగాలు, ఆస్తులు లాక్కున్నారు. తర్వాత ఒకచోట పోగేశారు. చివరకు చంపారు. మొదటి మెట్టు మీద తుపాకి లేదు. కలం, రిజిస్టరు మాత్రమే ఉన్నాయి.

యూరప్‌లోని రోమా ప్రజల కథలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. వారి భాషకు మూలం మన దేశమే. మ్యూనిక్ పోలీసులు వారి మీద నిఘాకు 1899లోనే ప్రత్యేక కార్యాలయం పెట్టారు. 1905లో వారి వివరాలతో పుస్తకం అచ్చు వేశారు. అప్పటికి హిట్లర్ ఇంకా బడిపిల్లవాడు. తర్వాత నాజీలు లక్షల మంది రోమాలను చంపారు. యుద్ధం ముగిశాక కూడా, 1943కు ముందు వారిని బాధించింది జాతిని బట్టి కాదని, నేరాల నివారణకేనని 1956లో పశ్చిమ జర్మనీ న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. అది జాతి సంహారమేనని ఆ దేశ ప్రభుత్వం ఒప్పుకున్నది 1982లో.

"పుట్టుకతోనే నేరస్థులు" అన్న మాట మనకు కొత్త కాదు. 1871లో బ్రిటిష్‌వారు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికి వర్తింపజేశారు. మన పెద్దలు ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం మోసి బతికినవారు. రైళ్ళు, రోడ్లు వచ్చి ఆ బతుకు పోయింది. పని పోయినవాళ్ళు ఊరూరా తిరిగితే అనుమానించారు, ఆ అనుమానమే చట్టమైంది. వేలిముద్రలు, పోలీసు హాజరు, ఊరు దాటాలంటే అనుమతి చీటీ. 1913లో స్టువర్టుపురం వంటి సెటిల్‌మెంట్లు వెలిశాయి. 1952లో చట్టం రద్దయింది.

దీన్ని జాతి సంహారం అనకూడదు. అట్లా అంటే చనిపోయినవారికి అన్యాయం చేసినట్టు. ప్రతి జాబితా హత్య దాకా పోదు. దానికి నియంతృత్వం, యుద్ధం, నోరు మూసుకున్న కోర్టులు, ఇరుగుపొరుగు మౌనం కూడా కావాలి. కానీ, "ఈ మనిషి ఏం చేశాడు" అని అడగడం మాని "వీడు ఎవరి బిడ్డ" అని అడగడమే రెండుచోట్లా మొదటి మెట్టు.

ఆ మెట్టు మీద నేనూ నిలబడ్డాను. కొన్నేళ్ళ కింద తరగతిలో ఒక జామెట్రీ బాక్సు పోయింది. నేను ముందుగా తీసింది ఎరుకల పిల్లవాడి సంచి. నేనూ ఎరుకలవాణ్ణే. బాక్సు కిటికీ మీద దొరికింది. ఏ చట్టమూ చెప్పలేదు, నా చేయి దానంతట అదే అటు పోయింది. తరగతి అందరి ముందు ఆ పిల్లవాణ్ణి క్షమించమని అడగడానికి నాకు రెండు రోజులు పట్టింది.

స్కాలర్‌షిప్పుల కోసం మనమూ కులాల వారీగా పేర్లు రాస్తాం. అది తప్పు కాదు. ఎవరికి ఏమి అందాలో చెప్పే జాబితా వేరు, ఎవరిని అనుమానించాలో చెప్పే జాబితా వేరు. రెండో జాబితా కాగితం మీద లేకపోయినా మన మనసుల్లో ఉంటుంది. పక్క తెగను పేరు పెట్టి తక్కువ చేసే మన ఇళ్ళలోనూ ఉంటుంది.

అందుకే పిల్లలకు ఇప్పుడు ఇట్లా చెబుతున్నాను: ఒక్కడు చంపలేదు బిడ్డా. ఒకడు పగబట్టాడు, వేలమంది రాశారు, లక్షల మంది చూస్తూ ఊరుకున్నారు.