విత్తుకాలము, కోతకాలము

ధ్యానభాగములు: ఆదికాండము 8:22, మార్కు 8:22-25



జలప్రళయము తీరిన పిమ్మట దేవుడు చేసిన వాగ్దానములో విత్తుకాలమును కోతకాలమును ఉన్నవి. కోత పండుగనాడు ఈ మాటలను ఆధారము చేసికొని మేము అనేకసారులు ప్రసంగించితిమి. రోగపు మంచముమీద వాటిని చదువుకొందుమని మాత్రము తలంపలేదు.

2022 జూన్ నెలలో, ఊరివారు నారుమళ్లు పోయుచున్న దినములలో, మాకు ఊపిరితిత్తుల క్షయ అని తేలెను. కళ్లెలో నెత్తురు పడువరకు అది ప్రసంగముల వలన కలిగిన గొంతు రాపిడి అనుకొంటిమి. మందు ఆరు నెలలు మ్రింగవలెనని వైద్యుడు చెప్పెను. మొదటి రెండు నెలలు నాలుగు రకములు, తరువాత నాలుగు నెలలు మూడు రకములు. ప్రభుత్వమువారు వాటిని ఉచితముగానే ఇచ్చుచున్నారు.

నాట్లు పడునప్పటికి జ్వరము విడిచెను, అన్నము రుచించెను. ఆగష్టులో ఒక ఆదివారమున మేము ఆరాధనలో నిలువబడి, ప్రభువు సంపూర్ణముగా స్వస్థపరచెనని సాక్ష్యము చెప్పితిమి. మరునాటినుండి బిళ్లలు పెట్టెలో పెట్టితిమి. నిజము చెప్పవలెనన్న, ఆ బిళ్లలు కడుపులో త్రిప్పుచుండెను. మేము దానికి విశ్వాసమని పేరు పెట్టుకొంటిమి.

పదియవ దినమున ఆశా కార్యకర్త వచ్చి బిళ్లలు లెక్కపెట్టెను. ఆమె మన సంఘస్థురాలు కాదు. "పిలకలు వేసింది గదా అని చేను కోసేసుకుంటారా అయ్యగారూ?" అనెను. మేము మాటాడలేకపోతిమి. స్వర్ణ వరికి ఇంచుమించు 150 దినములు కావలెను. ఇది ఎరుగని రైతు మన పేటలో లేడు.

వైద్యుడు దాని మర్మము విప్పి చెప్పెను. క్షయ క్రిములలో అనేకములు మొదటి వారములలోనే చచ్చును గనుక జ్వరము తగ్గును. కొన్ని మాత్రము అణగియుండి నెమ్మదిగా చచ్చును. నడుమ మందు మానినయెడల అవి మరల లేచును; ఒక్కొక్కప్పుడు ఆ మందునకు లొంగనివై, ఇంటిలోని పసిబిడ్డలకు సహితము అంటుకొనును.

ఆ రాత్రి బేత్సయిదా గ్రుడ్డివాని వృత్తాంతము చదివితిమి. ప్రభువు మొదట చేతులుంచినప్పుడు అతనికి మనుష్యులు నడచుచున్న చెట్లవలె కనబడిరి. ప్రభువు అడుగగా అతడు ఉన్నది ఉన్నట్లు చెప్పెను. అంతా తేటగా కనబడుచున్నదని ఆయనను సంతోషపెట్టుటకు కల్పించి చెప్పలేదు. అందుచేత రెండవసారి చేతులుంచబడెను. మేమైతే చెట్లను చూచి మనుష్యులని సాక్ష్యమిచ్చితిమి! హిజ్కియాకు 15 సంవత్సరముల ఆయుష్షు వాగ్దానము తెచ్చిన యెషయాయే పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టుమని చెప్పిన సంగతియు అప్పుడే మాకు పట్టింపునకు వచ్చెను.

కఫము మరల పరీక్షించి, తప్పిన దినములు కలిపి మందు సాగించిరి. వెన్ను విడుచునప్పటికి గుమ్మము వరకు, గింజ పాలు పోసికొనునప్పటికి చెరువుగట్టు వరకు నడువగలిగితిమి. నడుమ రెండు చోట్ల కూర్చుండవలసివచ్చెడిది. పొలములో కుప్పలు వేసిన తరువాత, క్రిస్మస్ దాటిన వారమున కడపటి బిళ్ల మ్రింగితిమి. ఆ ఆదివారమున పాత సాక్ష్యమును సంఘమెదుట దిద్దుకొంటిమి. కొందరు నవ్విరి. మేమును నవ్వితిమి.

సహోదరులారా, మీ పేటలో ఎవరైనను రెండు వారములకు మించి దగ్గుచున్నయెడల పరీక్షకు తోడుగా వెళ్లుడి. మందు మ్రింగుచున్నవారి యింట ప్రార్థన చేసినప్పుడు, లేచి వచ్చుటకు ముందు, ఇంకెన్ని దినముల మందు ఉన్నదో అడుగుడి. మేమును ఆలాగే అడుగుచున్నాము.