ఎగిరే యోగ్యతకు ప్రమాణం

మరమ్మతు ముగిసిన విమానం హ్యాంగర్ వదిలేముందు, లైసెన్సు గల మెయింటెనెన్స్ ఇంజనీరు సంతకం చేసే పత్రాన్ని ‘సర్టిఫికెట్ ఆఫ్ రిలీజ్ టు సర్వీస్’ అంటారు. విమానంలో లోపమేదీ లేదని ఆ పత్రం చెప్పదు. ఫలానా పని తయారీదారు మాన్యువల్ వంటి ఆమోదిత సమాచారాన్ని అనుసరించి, తగిన పనిముట్లతో, అర్హుల చేతుల మీదుగా జరిగిందని, ఆ పని మేరకు విమానం సేవకు సిద్ధంగా ఉన్నదని మాత్రమే చెబుతుంది. దానికి పైన, విమానం ఆమోదం పొందిన నమూనాకు అనుగుణంగానూ సురక్షితంగా ఎగరగల స్థితిలోనూ ఉన్నదని నియంత్రణ సంస్థ ఇచ్చే ఎయిర్‌వర్దినెస్ సర్టిఫికెట్ ఉంటుంది. భారతదేశంలో దానిని ఇచ్చేది డీజీసీఏ. అది చెల్లుబాటు కావాలంటే ఏడాదికొకసారి రికార్డులనూ విమానాన్నీ పరిశీలించి ఇచ్చే సమీక్షా పత్రం తోడుండాలి. ఈ సమీక్ష చేసే వ్యక్తి, ఆ ఏడాదిలో జరిగిన పనులన్నిటినీ కళ్లారా చూసినవాడు కాదు. అతడు ప్రధానంగా చదివేది ఇతరుల సంతకాలను. అతని జ్ఞానంలో ఎక్కువ భాగం ప్రత్యక్షం కాదు, శబ్దం, అంటే నమ్మదగిన మనిషి మాట వల్ల కలిగే జ్ఞానం. ఒక మాట మరొక మాట మీద, అది ఇంకొక మాట మీద ఆధారపడే ఈ కట్టడానికి అడుగున ఏమున్నదనేది భారతీయ తాత్వికులకు కొత్త ప్రశ్న కాదు.

సంప్రదాయం కృష్ణాతీరపు శ్రీపర్వతంతో ముడిపెట్టే ఆచార్య నాగార్జునుడు ‘విగ్రహవ్యావర్తని’లో ఈ ప్రశ్ననే అడిగాడు. వస్తువులు ప్రమాణాల వల్ల, అంటే జ్ఞానసాధనాల వల్ల, సిద్ధిస్తే, ఆ ప్రమాణాలు దేనివల్ల సిద్ధిస్తాయి? మరో ప్రమాణం వల్ల అంటే ఆ వరుసకు అంతుండదు. ప్రమాణం అక్కర్లేదంటే మొదటి నియమమే వీగిపోతుంది. దీనికి న్యాయదర్శనం ఇచ్చే సమాధానం త్రాసు దృష్టాంతం: బంగారాన్ని తూచేటప్పుడు త్రాసు ప్రమాణం, అదే త్రాసు మీద అనుమానం వచ్చి, తూకం తెలిసిన బంగారంతో దాన్ని పరీక్షించేటప్పుడు అది ప్రమేయం, అంటే తెలుసుకోవలసిన వస్తువు. ఏదీ శాశ్వతంగా ప్రశ్నకు అతీతం కాదు. అలాగని అన్నిటినీ ఒకేసారి ప్రశ్నించవలసిన పనీ లేదు. శంషాబాద్ హ్యాంగర్లలోనైనా సింగపూర్‌లోనైనా బోల్టు బిగింపును కొలిచే టార్క్ రెంచ్ విషయంలో జరిగేది అక్షరాలా ఇదే. కొన్నాళ్లు అది బోల్టుకు ప్రమాణం. గడువు రాగానే కాలిబ్రేషన్ బల్ల మీద తానే ప్రమేయమవుతుంది. ఆ బల్లను పరీక్షించే కొలమానం వెనక జాతీయ ప్రమాణశాల ఉంటుంది. నాగార్జునుడు చూపిన వరుస అలాగే ఉంది, కాని అది అగాధంలా కాక, అవసరమైనంత దూరం నడవగలిగే దారిలా పనిచేస్తున్నది.

అయితే ఎప్పుడు నడవాలి? ఇక్కడ మీమాంసకులకూ నైయాయికులకూ మధ్య పేరుమోసిన వివాదం ఉపయోగపడుతుంది. మీమాంసకుడైన కుమారిల భట్టు మతంలో జ్ఞానం స్వతఃప్రమాణం: పుట్టిన జ్ఞానం, బాధకం, అంటే దాన్ని కొట్టివేసే మరో జ్ఞానం, ఎదురయ్యేదాకా లేదా దాని కారణంలో దోషం బయటపడేదాకా, దానంతటదే సరైనది, కారణం లేని సందేహానికి విలువ లేదు. న్యాయమతంలో జ్ఞానపు సత్యత్వం పరతః, అంటే వేరొక ఆధారం వల్ల తేలవలసినది. కాక్‌పిట్‌లోకి వచ్చే పైలట్ టెక్నికల్ లాగ్‌లోని సంతకాన్ని చూసి మీమాంసకుడిలా నడుచుకుంటాడు. నడుచుకోకపోతే ఏ విమానమూ కదలదు. సందేహాన్ని ఆపేది మనిషి చేతలతో దానికి కలిగే విరోధమేనన్న నైయాయికుడు ఉదయనాచార్యుని మాటకు, విమానాల భద్రతను దుయ్యబడుతూనే టికెట్ కొనే ప్రయాణికుడు మంచి ఉదాహరణ. కారణం దొరికిన సందేహం సంగతి వేరు. 2023లో లండన్ కేంద్రంగా పనిచేసిన ఒక విడిభాగాల వ్యాపార సంస్థ, సీఎఫ్‌ఎం56 ఇంజన్ల భాగాలను నకిలీ విడుదల పత్రాలతో అమ్మిన సంగతి బయటపడింది. పోర్చుగల్ ఇంజనీర్ల చేతికి కొత్తదని పత్రం చెప్పిన భాగం వాడినదానిలా కనిపించింది. పత్రంలో పేరున్న తయారీదారును అడిగితే అది తమ పత్రం కాదని తేలింది. శబ్దాన్ని ప్రత్యక్షం బాధించింది, సందేహానికి కారణం పుట్టింది, విచారణ మొదలైంది. కుమారిలుడి నియమం ఇక్కడ చక్కగా పనిచేసింది.

1985 ఆగస్టు 12న అది పనిచేయలేదు. జపాన్ ఎయిర్‌లైన్స్ 123వ సర్వీసు బోయింగ్ 747లో 524 మంది ఉండగా 520 మంది మరణించారు. 1978లో ఒసాకాలో అదే విమానం తోక నేలకు రాసుకున్నప్పుడు దెబ్బతిన్న వెనుక పీడన గోడను తయారీ సంస్థ నిపుణులే బాగుచేశారు. ఒకే పలకతో అతుకు వేయాలన్న సూచనకు బదులు పలకను రెండు ముక్కలుగా వాడటం వల్ల, అతుకులో కొంత మేర భారాన్ని రెండు వరసల రివెట్లకు మారుగా ఒకే వరస మోసింది. ఆ తర్వాత 12 వేలకు పైగా ప్రయాణాలు సజావుగా సాగాయి. ప్రతి ప్రయాణమూ ఆ మరమ్మతుకు పడిన సంతకానికి సాక్ష్యంగా నిలిచింది. ఫలించిన ప్రవృత్తి, అంటే ఆ జ్ఞానాన్ని నమ్మి చేసిన పని, జ్ఞానపు సత్యత్వానికి గుర్తు అని చెప్పే నైయాయికుడికి కూడా ఇది ఇబ్బందికరమే: విమానం సురక్షితంగా దిగినప్పుడల్లా లోహంలో పగులు పెరుగుతూనే ఉంది. బాధకం అంటూ ఎదురైంది ఆ గోడ పగిలినప్పుడే.

విమాన నిర్మాణశాస్త్రం ఈ రకపు ప్రమాదానికి చెప్పే జవాబు, దర్శనకారులు పెద్దగా పట్టించుకోని మార్గం: కారణం లేకపోయినా, గడువు ప్రకారం సందేహించడం. ‘డ్యామేజ్ టాలరెన్స్’ అనే పద్ధతిలో లోహంలో కంటికి అందని పగులు ఇప్పటికే ఉన్నదని ముందే అనుకుని, అది ప్రమాదకరమైన పొడవుకు పెరిగేందుకు ఎన్ని ప్రయాణాలు పడుతుందో లెక్కగట్టి, అంతకుముందే దొరికేలా తనిఖీల వ్యవధిని నిర్ణయిస్తారు. మీమాంసకుడు నిష్కారణమని తోసిపుచ్చే సందేహం ఇక్కడ విధిగా మారుతుంది. భౌతికంగా ఇది గొప్ప ముందడుగు. జ్ఞానమీమాంసలో మాత్రం చిక్కు పూర్తిగా విడిపోలేదు. పగులు ఎక్కడ పుట్టవచ్చో, ఎంత వేగంతో పెరుగుతుందో చెప్పే లెక్క, పని డ్రాయింగ్ ప్రకారమే జరిగిందన్న మాట మీద ఆధారపడి ఉంటుంది. ఒకే వరస రివెట్లున్న అతుకుకు రెండు వరసలున్న అతుకు గడువు వర్తించదు. ఆ తేడాను తెలిపే పత్రమూ లేదు. విమాన నియంత్రణ వ్యవస్థల వంటి కీలక పనులను, ఆ పనిలో పాల్గొనని రెండో అర్హుడు విడిగా పరీక్షించి సంతకం చేయాలనే నిబంధన ఈ ఖాళీని కొంత పూడుస్తుంది. ఆ రెండో మనిషి ముందే పడిన సంతకాన్ని చదివి బోల్టును చూస్తే అతని చూపు కూడా సగం శబ్దమే అవుతుంది కనుక, అతడు మొదట చూడవలసింది బోల్టును, ఆ తర్వాతే కాగితాన్ని.