చంపాలని లేదు, చంపాల్సిన పనీ లేదు



పంచశీలలో మొదటి శీలం గురించి మాట్లాడుకున్నప్పుడల్లా చర్చ మాంసం దగ్గరికే వెళ్తుంది. తినొచ్చా, తినకూడదా అని. ఆ చర్చ చాలాసార్లు చేశాం, ఇంకా చేస్తాం. ఈసారి మనం తినని చేపల గురించి మాట్లాడుకుందాం. హాల్లో టీవీ పక్కన గాజు తొట్టెలో పెట్టుకునే చేపల గురించి.

బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో అహింసను వివరిస్తూ ఒక తేడా చూపించారు. చంపాలనే కోరిక వేరు, చంపాల్సిన అవసరం వేరు. అహింస ఒక సూత్రమే గాని గుడ్డిగా పాటించే నియమం కాదన్నారు. సూత్రమంటే సందర్భం చూసి ఆలోచించే బాధ్యత మన మీదే ఉంటుంది. జాలరి వల వేస్తే అక్కడ పొట్టకూటి అవసరం ఉంది. మరి అక్వేరియంలో చేప చచ్చిపోతే? ఆ ఇంట్లో ఎవరికీ చంపాలని లేదు. చంపే అవసరం అసలే లేదు. అయినా చచ్చిపోతుంది. వారంలో నాలుగు పోతాయి, ఆదివారం మళ్ళీ నాలుగు తెస్తారు. ఈ చావును ఏ ఖాతాలో రాయాలి?

ముందు అది ఎలా చస్తుందో చూద్దాం. కారణం తెలియకుండా తీర్పు చెప్పడం మన పద్ధతి కాదు గదా.

పిల్లలు మారాం చేస్తారు. షాపుకెళ్ళి తొట్టె, రంగురాళ్ళు, మోటారు, చేపలు అన్నీ ఒకే రోజు తెస్తాం. సాయంత్రానికి నీళ్ళు పోసి చేపల్ని వదిలేస్తాం. నాలుగైదు రోజులకి అవి పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటాయి, ఆ తర్వాత వెల్లకిలా తేలతాయి. "నీళ్ళు శుభ్రంగానే ఉన్నాయే" అంటాం. కంటికి శుభ్రంగా ఉన్న మాట నిజమే. కానీ చేప తన మొప్పల్లోంచి అమ్మోనియా వదులుతూనే ఉంటుంది. మిగిలిపోయిన మేత, రెట్ట కుళ్ళినా అదే పుడుతుంది. దానికి రంగు లేదు, అయినా మొప్పల్ని కాల్చేస్తుంది.

చెరువులో దీన్ని వాడుకుని బతికే బ్యాక్టీరియా ఉంటుంది. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. ఆ నైట్రైట్ కూడా విషమే. అది రక్తంలోకి వెళ్ళి ఆక్సిజన్ మోసే శక్తిని దెబ్బ తీస్తుంది. నీళ్ళలో గాలి ఉన్నా చేపకు ఊపిరాడకపోవడం అందుకే. ఇంకో రకం బ్యాక్టీరియా ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ ప్రమాదం చాలా తక్కువ, వారం వారం కొన్ని నీళ్ళు మారిస్తే అదుపులో ఉంటుంది. ఈ రెండు రకాలూ ఫిల్టర్ స్పాంజి మీదా, రాళ్ళ మీదా కాపురం పెట్టడానికి సుమారు 4 నుంచి 6 వారాలు పడుతుంది. దీన్నే తొట్టెను 'సైకిల్' చేయడం అంటారు.

అంటే ఆ నెలా నెలన్నర తొట్టెలో చేప ఉండకూడదు. నీళ్ళు నింపి, ఫిల్టరు నడుపుతూ, రోజూ చిటికెడు మేత వేస్తే చాలు. అది కుళ్ళి అమ్మోనియా ఇస్తుంది, బ్యాక్టీరియాకు అదే తిండి. టెస్ట్ కిట్‌తో చూస్తుంటే మొదట అమ్మోనియా పెరిగి తగ్గుతుంది, తర్వాత నైట్రైట్ పెరిగి తగ్గుతుంది. రెండూ సున్నాకొచ్చి నైట్రేట్ కనపడిన రోజు తొట్టె సిద్ధమైనట్టు. అప్పుడైనా చేపల్ని ఒకేసారి గుంపుగా దింపకూడదు, కొన్ని కొన్నిగా వేయాలి. ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టె నుంచి స్పాంజి ముక్క దొరికితే పని తొందరగా అవుతుంది. మున్సిపాలిటీ నీళ్ళయితే క్లోరిన్ పోగొట్టే మందు చుక్కలు తప్పనిసరి. స్పాంజిని కుళాయి కింద కడిగితే పెరిగిన బ్యాక్టీరియా చచ్చిపోతుంది, తొట్టెలోంచి తీసిన నీళ్ళలోనే పిండాలి.

ఖాళీ తొట్టె ముందు ఆరు వారాలు ఆగడం కష్టమే. ముఖ్యంగా పిల్లలకి. కానీ ఆ తొందరకు వెల కట్టేది మనం కాదు, చేప.

ఇక్కడ ఒక మూఢనమ్మకం గురించి చెప్పకుండా ఉండలేను. వాస్తు పేరుతో ఫలానా మూల అక్వేరియం పెట్టమంటారు. చేప చస్తే "ఇంటికి రావలసిన కీడు దాని మీద పోయింది" అంటారు. ఎంత సౌకర్యమైన మాట! అమ్మోనియాతో చచ్చిన చేపకు బలి పశువు హోదా ఇచ్చి, మన చేతులు కడిగేసుకోవడం. యజ్ఞాల్లో పశుబలిని కాదన్న బుద్ధుడి బాటలో నడుస్తున్నాం అనుకునేవాళ్ళ ఇళ్ళలో ఈ మాట వినపడకూడదు.

ఇక ఏ చేపతో ఏ చేప. మగ ఫైటర్ చేపలు రెండింటిని కలిపితే కొట్టుకుంటాయి. టైగర్ బార్బ్ ఏంజెల్ చేప పొడవాటి రెక్కల్ని కొరుకుతుంది. ఏంజెల్ పెద్దదైతే నియాన్ టెట్రాను మింగేస్తుంది. గోల్డ్‌ఫిష్ చల్లటి నీళ్ళ చేప, పైగా వ్యర్థం ఎక్కువ, గిన్నెలాంటి బౌల్‌లో దాన్ని పెట్టడం హింసే. మన బోరు నీళ్ళు చాలాచోట్ల గట్టివి, వాటిలో గప్పీలు, మోలీలు హాయిగా ఉంటాయి. అమెజాన్ ప్రాంతపు మెత్తటి నీళ్ళకు అలవాటుపడిన నియాన్ టెట్రాకు అవి అంత పడవు. అది గుంపు చేప కూడా, ఒకటీ రెండూ తెస్తే బిక్కుబిక్కుమంటూ బతుకుతుంది.

"చూశారా, చేపల్లోనే జాతులు కలవవు, మనుషుల్లో ఎట్లా కలుస్తాయి" అనేవాళ్ళు ఉంటారు. వాసెట్ఠ సుత్తంలో బుద్ధుడు దీనికి ఎప్పుడో జవాబిచ్చాడు. గడ్డి, పురుగులు, పాములు, చేపలు, పక్షులు వీటిలో పుట్టుకతో వచ్చే గుర్తులు వేరువేరుగా ఉంటాయి, మనుషుల్లో అలాంటి తేడా లేదని విడమరచి చెప్పాడు. టైగర్ బార్బ్, ఏంజెల్ వేరువేరు జాతులు. మాల, మాదిగ, బ్రాహ్మడు ఒకటే జాతి. చేప ఉదాహరణ వాళ్ళ వాదాన్ని నిలబెట్టదు, పడగొడుతుంది.

గాజుకు పట్టిన పాచి తింటుందని కొనే సక్కర్ చేప సంగతి వేరే. అరచేతిలో పట్టేదాన్ని ఇస్తారు, అది అడుగు దాటి పెరుగుతుంది. తొట్టె చాలక, చంపడానికి మనసొప్పక, 'పుణ్యం' అని చెరువులో వదిలేస్తారు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ చేప ఇప్పుడు ఆంధ్ర, తెలంగాణ నీళ్ళలో ఉంది. జాలర్లు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. దాని గట్టి ముళ్ళకు వలలు చిరిగిపోతాయి, మార్కెట్‌లో ఎవరూ కొనరు. మన దయ ఖర్చు ఒక జాలరి కుటుంబం మీద పడింది.

ఆ చావును ఏ ఖాతాలో రాయాలి అని అడిగాను. కోరిక కాదు, అవసరం కాదు. నా ఉద్దేశంలో అది ప్రమాదం ఖాతా. పాళీలో 'పమాదం' అంటే యాక్సిడెంట్ కాదు, ఏమరుపాటు. తెలుసుకోగలిగి కూడా తెలుసుకోకపోవడం. వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త ఈ బ్యాక్టీరియా పని 1890 ప్రాంతంలోనే బయటపెట్టాడు. సమాచారం దొరకలేదు అనే సాకు ఈ రోజు ఎవరికీ లేదు.

అసలు పెంచకపోతే పోలేదా అంటారా? ఆరు వారాలు ఆగలేని ఇల్లయితే పెంచకపోవడమే మేలు. ఆగగలిగితే పెంచుకోండి, పిల్లలతోనే టెస్ట్ కిట్ చూపించి అంకెలు నోట్‌బుక్‌లో రాయించండి. ఇప్పటికే చేపలు ఉండి తొట్టె సైకిల్ కాకపోతే, మేత సగానికి తగ్గించి, రోజూ నాలుగో వంతు నీళ్ళు క్లోరిన్ పోగొట్టి మార్చండి. పెద్దదైన సక్కర్‌ను కొన్న షాపుకే తిరిగి ఇవ్వండి, డబ్బులు అడక్కండి.