రెండు నిమిషాల మౌనం, ఆ తర్వాతి బాధ్యత

ప్రతి సంవత్సరం జనవరి 30న ఉదయం 11 గంటలకు ప్రభుత్వ కార్యాలయాల్లో, పాఠశాలల్లో పని ఆగిపోతుంది. కొన్ని ఊళ్ళలో సైరన్ మోగుతుంది. 1948లో గాంధీజీ హత్యకు గురైన ఆ రోజున, దేశ స్వాతంత్ర్యం కోసం ప్రాణాలర్పించిన వారందరినీ తలచుకుంటూ జనం రెండు నిమిషాలు మౌనంగా నిలబడతారు. ఆ వరుసలో మన పిల్లలూ ఉంటారు, ఉద్యోగాలు చేసే మన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళూ ఉంటారు. ఇంటికి వచ్చాక పిల్లలు అడుగుతారు: “అబ్బాజాన్, మనం అలా నిలబడవచ్చా? నిలబడినప్పుడు మనసులో ఏమనుకోవాలి?”

మొదటి ప్రశ్నకు మనలో చాలామంది వెంటనే జవాబు చెప్పేస్తారు. “అందులో తప్పేముంది?” అని కొందరు, “అది మన పద్ధతి కాదు” అని మరికొందరు. రెండో ప్రశ్నను మాత్రం ఎవరూ పట్టించుకోరు. నిజానికి మనం ఆలోచించవలసింది ఆ రెండో ప్రశ్న గురించే.

ఈ ఆచారం ఎలా మొదలయింది?

మొదటి ప్రపంచ యుద్ధం చివరి సంవత్సరమైన 1918లో, మే నెల నుంచి దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరంలో మధ్యాహ్నపు ఫిరంగి మోగగానే వీధుల్లో రాకపోకలు ఆగిపోయేవి. ఎక్కడివారక్కడ నిలబడి యుద్ధంలో చనిపోయినవారినీ, ఇంకా పోరాడుతున్నవారినీ తలచుకునేవారు. ఈ పద్ధతి అక్కడి ప్రముఖుడు సర్ పెర్సీ ఫిట్జ్‌పాట్రిక్ మనసును తాకింది. ఆయన కుమారుడు 1917లో ఆ యుద్ధంలోనే ఫ్రాన్సులో మరణించాడు. 1918 నవంబర్ 11న ఉదయం 11 గంటలకు యుద్ధం ఆగింది. మరుసటి సంవత్సరం అదే రోజు, అదే గంటకు అందరూ మౌనం పాటించేలా చూడాలని ఆయన బ్రిటీషు ప్రభుత్వానికి సూచించారు. ఐదవ జార్జి రాజు ఆ మేరకు ప్రజలను కోరారు. అలా 1919 నవంబర్ 11న సామ్రాజ్యమంతటా రెండు నిమిషాల మౌనం మొదలయింది. ఈ చరిత్ర వెనుక బిడ్డను పోగొట్టుకున్న ఒక తండ్రి దుఃఖం ఉంది.

ఆ దుఃఖం మన దేశానికి పరాయిదేమీ కాదు. ఆ యుద్ధం కోసం భారతదేశం నుంచి 10 లక్షల మందికి పైగా సముద్రాలు దాటి వెళ్ళారు. సుమారు 74 వేల మంది తిరిగి రాలేదు. ఫ్రాన్సులోని నవ్ షపెల్ స్మారకం మీద, సమాధి కూడా తెలియని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు చెక్కి ఉన్నాయి. అందులో హిందువుల, ముస్లింల, సిక్కుల పేర్లు కలిసే ఉన్నాయి. ఇంగ్లాండులో మరణించిన ముస్లిం సైనికుల కోసం వోకింగ్‌లోని షాజహాన్ మసీదుకు దగ్గరలో ప్రత్యేకంగా ఖబ్రస్తాన్ నిర్మించారు. 1968లో ఆ సమాధులను బ్రూక్‌వుడ్‌కు తరలించారు. మన హైదరాబాదు సంస్థానపు అశ్వికదళం కూడా ఈజిప్టు, పాలస్తీనా రణరంగాలకు వెళ్ళింది. ఢిల్లీలోని తీన్ మూర్తి కూడలిలో ఉన్న మూడు విగ్రహాలు జోధ్‌పూర్, మైసూరు, హైదరాబాదు అశ్వికదళాల స్మృతికి నిలిపినవే.

ఇక్కడ మనసును కలచివేసే విషయం ఒకటుంది. హైదరాబాదు సైనికులు ఆ ఎడారుల్లో ఎదుర్కొన్నది ఉస్మానియా తుర్కుల సైన్యాన్ని. పరాయి పాలకుల జెండా కింద ఒక ముస్లిం మరొక ముస్లింపై ఆయుధం ఎత్తవలసి వచ్చింది. అలాంటి యుద్ధంలో పోయినవారిని తలచుకుంటూ నిలబడితే ఆ యుద్ధాన్ని సమర్థించినట్లా? కాదు. యుద్ధాన్ని పొగడకుండానే చనిపోయిన మనిషి కోసం బాధపడవచ్చు. మౌనంలో ఉన్న మేలు ఇదే. అయితే అందులో ఒక ప్రమాదమూ ఉంది. యువకులను యుద్ధానికి పంపినవారు కూడా అదే వరుసలో తలవంచుకుని నిలబడతారు. వారిని ఎందుకు పంపారని అడిగేవారు ఆ రెండు నిమిషాలూ ఉండరు. ఆ తర్వాత కూడా ఎవరూ అడగకపోతే ఆ మౌనం తప్పును కప్పే తెర అవుతుంది.

మౌనం ఆరాధన అవుతుందా?

ఇస్లాం ధర్మంలో మౌనం దానంతట అది ఆరాధన కాదు. అబూ ఇస్రాయీల్ అనే వ్యక్తి ఉపవాసముండి, ఎవరితోనూ మాట్లాడకుండా ఎండలో నిలబడి ఉంటానని మొక్కుకున్నారు. దైవప్రవక్త (స) ఆయనను మాట్లాడమనీ, నీడకు వచ్చి కూర్చోమనీ, ఉపవాసం మాత్రం పూర్తి చేయమనీ ఆదేశించారు. మౌనంగా హజ్ చేయాలని మొక్కుకున్న ఒక స్త్రీతో హజ్రత్ అబూబక్ర్ (ర), అది అజ్ఞాన కాలపు పద్ధతి అని చెప్పి మాట్లాడమన్నారు. కనుక మనం మౌనంగా నిలబడినంత మాత్రాన మృతులకు పుణ్యం చేరుతుందని అనుకోవడానికి ఆధారం లేదు. కొందరు ఉలమాలు ఈ ఆచారం కూడదని చెప్పడానికి కారణం కూడా ఇదే. వారి హెచ్చరికను తేలికగా తీసిపారేయకూడదు.

మరొకవైపు కూడా చూద్దాం. ఒకసారి ఒక జనాజా వెళుతుండగా దైవప్రవక్త (స) లేచి నిలబడ్డారు. అది ఒక యూదునిది అని అనుచరులు చెప్పారు. అతనిదీ ప్రాణమే కదా అని ఆయన (స) వారిని తిరిగి ప్రశ్నించారు. తర్వాతి కాలంలో ఖాదిసియాలో ఒక ముస్లిమేతరుని జనాజా వెళుతున్నప్పుడు ఇద్దరు సహాబాలు సహల్ బిన్ హునైఫ్ (ర), ఖైస్ బిన్ సాద్ (ర) లేచి నిలబడి ఈ సంఘటననే గుర్తు చేశారు. జనాజా కోసం నిలబడే ఆదేశం తర్వాత కూడా కొనసాగిందా లేదా అన్న విషయంలో ఫిఖహా పండితుల మధ్య భేదాభిప్రాయం ఉంది. కానీ మనిషి ప్రాణానికి ఇవ్వవలసిన విలువ విషయంలో భేదాభిప్రాయానికి తావు లేదు.

కాబట్టి మేము అర్థం చేసుకున్నది ఇది: దీన్ని ఆరాధనగా భావించి చేయకూడదు. తోటివారి దుఃఖాన్ని గౌరవిస్తూ మర్యాదగా నిలబడటం వేరు, పుణ్యకార్యమని నమ్మి నిలబడటం వేరు. ఈ విషయంలో సందేహం ఉన్నవారు తమకు నమ్మకమున్న ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి. నిలబడినవారూ, నిలబడనివారూ ఒకరినొకరు నిందించుకోవడం మాత్రం తగదు.

మనసులో ఏమనుకోవాలి?

జనాజా నమాజును గుర్తు చేసుకుంటే పిల్లల రెండో ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. అందులో రుకూ లేదు, సజ్దా లేదు. నిలబడే ఉంటాం. ఇమాము తక్బీర్లు తప్ప దాదాపు ఏదీ వినబడదు. అయినా అది ఖాళీ మౌనం కాదు. పెదవుల మీద మృతుని కోసం దుఆ ఉంటుంది. ముందు తరాల విశ్వాసుల కోసం తర్వాత వచ్చినవారు క్షమాభిక్ష కోరుకుంటారని దివ్య ఖుర్ఆన్‌లోని హష్ర్ సూరా తెలుపుతోంది. కనుక ఆ రెండు నిమిషాల్లో పోయిన విశ్వాసుల మగ్‌ఫిరత్ కోసం మనసులోనే దుఆ చేయవచ్చు. మిగిలినవారి వ్యవహారం అల్లాహ్ చేతిలో ఉంది. వారి కుటుంబాలకు ఓర్పునూ, మేలునూ, దేశానికి శాంతినీ కోరుకోవచ్చు. మన చావునూ గుర్తు చేసుకోవచ్చు.

మౌనం ముగిశాక...

హిజ్రీ 8వ సంవత్సరంలో మూతా యుద్ధంలో హజ్రత్ జైద్ (ర), హజ్రత్ జాఫర్ (ర), హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ రవాహా (ర) ఒకరి తర్వాత ఒకరు షహీద్ అయ్యారు. ఆ వార్త చెబుతున్నప్పుడు దైవప్రవక్త (స) కళ్ళ నుంచి కన్నీరు కారింది. కానీ ఆయన కన్నీటితో ఆగిపోలేదు. జాఫర్ ఇంటివారు దుఃఖంలో ఉన్నారు, వారి కోసం భోజనం తయారు చేయండని చెప్పారు. మూడు రోజులు గడిచాక తానే స్వయంగా వెళ్ళారు. పసివాళ్ళను పిలిపించి, మంగలిని రప్పించి తల వెంట్రుకలు తీయించారు. తండ్రి లేని పిల్లలకు పేదరికం వస్తుందేమోనని తల్లి అస్మా (ర) బెంగపడితే, ఇహపరాల్లో వారి సంరక్షకుణ్ణి తానేనని ధైర్యం చెప్పారు.

మూడు రోజుల తర్వాత పరామర్శకు వచ్చేవారు తగ్గిపోతారు. పొయ్యి మీదకి ఏమి పెట్టాలో, పిల్లల జుట్టు ఎవరు కత్తిరిస్తారో అప్పుడే ఆ తల్లికి ప్రశ్నగా మారుతుంది. దైవప్రవక్త (స) సరిగ్గా ఆ సమయంలోనే ఆ గడపలో అడుగుపెట్టారు.

మరో హదీసును కూడా గమనించండి. షహీద్ పాపాలన్నీ మన్నించబడతాయి, అప్పు తప్ప. ప్రాణమే ఇచ్చినవాని మీద కూడా బాకీ మిగిలి ఉంటుందంటే, అతని కోసం మౌనంగా నిలబడి వెళ్ళిపోయే మన బాకీ సంగతేమిటి?

రెండు నిమిషాలు నిలబడటం ధర్మసమ్మతమా కాదా అని మనం గంటల తరబడి వాదించుకుంటాం. పక్క వీధిలో కొడుకును పోగొట్టుకున్న సైనికుని తల్లి ఎలా ఉందో చూడటానికి ఒక్కసారి కూడా వెళ్ళి ఉండం. ఆమె హిందువైనా, ముస్లిమైనా మన పొరుగామె. ఆమె పెన్షను కాగితాలు ఎవరు రాసిపెడుతున్నారు? మనవడి బడి ఫీజు కట్టారా? జ్వరమొస్తే ఆసుపత్రికి తోడు ఎవరు వెళుతున్నారు? ఈసారి మీ పిల్లలు ఆ ప్రశ్న అడిగినప్పుడు వారికి జవాబు చెప్పండి. ఆ సాయంత్రమే వారిని వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్ళండి.

దయామయుడైన అల్లాహ్ మన మృతులను క్షమించుగాక! వారు వదిలి వెళ్ళినవారి పట్ల మన బాధ్యతను నెరవేర్చే భాగ్యాన్ని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.