తలరాత చదివే యంత్రం

నుదుటి మీద బ్రహ్మ ఏదో రాస్తాడంటారు. ఆ రాత మనకి కనిపించదు గనకే ఇన్నాళ్ళూ నిశ్చింతగా నెట్టుకొచ్చాం. ఇప్పుడు తలకి తీగలు తగిలించి, లోపలి విద్యుత్తరంగాలని గీతలుగా చూపించే యంత్రముంది. 1924లో జర్మనీలో హాన్స్ బెర్గర్ అనే వైద్యుడు మొదటిసారి మనిషి మెదడు తరంగాలని పట్టుకున్నాడు. ఈఈజీ అంటే అదే.

ఫిన్లండ్‌లో యువాస్కులా విశ్వవిద్యాలయం వారు 1990లలో, చదవడం కష్టమైన తల్లిదండ్రులకి పుట్టిన బిడ్డలని పసికందులప్పటి నుంచీ గమనించారు. మాటల చప్పుళ్ళకి ఆ మెదళ్ళు స్పందించిన తీరుకీ, బడికెళ్ళాక వాళ్ళ చదువుకీ సంబంధం కనబడింది. అంటే డిస్‌లెక్సియా బద్ధకమూ కాదు, తెలివితక్కువా కాదు. చెవినపడ్డ ధ్వనికీ పలక మీది అక్షరానికీ సులువుగా ముడి పడకపోవడం.

మన భావనపాడులాంటి సముద్రపుటొడ్డు ఊళ్ళో ఓ గుంటడున్నాడనుకోండి. చిరిగిన వల ఇస్తే ఒక్క కన్ను తప్పకుండా అల్లేస్తాడు. గుణింతం ఇస్తే మాత్రం తడబడిపోతాడు. మేష్టారు 'మొద్దు' అంటారు. అయ్య 'ఈడికి సదువు అబ్బదు, పడవెక్కించీడమే' అంటాడు. ఏ యంత్రమూ లేకుండానే వాడి తలరాత ఇద్దరూ చదివేశారు! 2016 చట్టం ఈ ఇబ్బందిని వైకల్యాల జాబితాలో చేర్చింది గానీ, సర్టిఫికెట్టు 8 ఏళ్ళు నిండాకే. అప్పటికి 'మొద్దు' అన్న సర్టిఫికెట్టు చేతికొచ్చి మూడేళ్ళవుతుంది.

అయితే యంత్రమే నయం గదా అంటారా? కాస్త ఆగండి. ఆ తరంగాలు కొందరు పిల్లల సగటు సంగతి చెప్తాయి గానీ, ఈ ఒక్క పిల్లాడు ఏమవుతాడో తేల్చలేవు. అందుకే నేటికీ చదివించి, రాయించి చూసే నిర్ణయిస్తారు. ఊయల్లోని బిడ్డకే ఆ పేరు పెట్టేస్తే, 'వీడికెందుకులే' అని తల్లి కథలు చెప్పడం మానేస్తే?

ముందుగా తెలుసుకోవడంలో తప్పు లేదు. తెలుసుకుని ఏం చేస్తామన్నదే ధర్మసూక్ష్మం. కళింగపట్నం రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేసేది పడవని గట్టిగా కట్టుకోమని, వదిలేసుకోమని కాదు. ధ్వనినీ అక్షరాన్నీ కలిపి ఓపిగ్గా నేర్పే మనిషి దగ్గరుంటే ఆ పరీక్ష వరమే. లేని ఊళ్ళో అది 'మొద్దు'కి ఇంకో పేరు, అంతే. అయినా అలా నేర్పడం మొదలెట్టడానికి యంత్రం వచ్చేదాకా ఆగాలా, చెప్పండి? తలరాత బ్రహ్మ రాస్తే రాశాడు, చేతిరాత దిద్దించవలసింది మనమే గదా!