గుమాస్తా సుఖము - శ్రావక ధర్మము

జైన వర్తకుడు తెల్లవారుజామున లేచి నవకార మంత్రము జపించును. దేవాలయమునకు పోయి దర్శనము చేసికొని గాని కొట్టు తాళము తీయడు. నీరు వడగట్టి త్రాగును. చీమను త్రొక్కకుండ అడుగు వేయును. ప్రొద్దు గ్రుంకక ముందే భోజనము ముగించును. జీవదయను ఇంత జాగ్రత్తగా పాటించువాడు, తన కొట్టులో ఉదయము మొదలు రాత్రి వరకు నిలుచుండి పనిచేయు గుమాస్తాను చూచి, ‘వీనికి కాళ్లు నొచ్చుచున్నవేమో’ అని ఒక్కసారియైనను తలంచుచున్నాడా? ప్రశ్న చిన్నదే. కాని శ్రావకుని మొదటి వ్రతము అడుగు ప్రశ్న ఇదియే.

ఉపాసకదశాంగ సూత్రమునందు మహావీర స్వామివారి గృహస్థ శిష్యులు పదిమంది చరిత్రలు కలవు. వారిలో మొదటివాడు వాణిజ్యగ్రామ నివాసియైన ఆనందుడు. అతనికి భాండాగారములో నాలుగు కోట్ల హిరణ్యము, వడ్డీ వ్యాపారములో నాలుగు కోట్లు, ఇంటి సంపదలో నాలుగు కోట్లు ఉండెడివి. మందకు 10,000 చొప్పున నాలుగు ఆవుల మందలు ఉండెడివి. అట్టి సంపన్నుడు స్వామి సన్నిధిని 12 గృహస్థ వ్రతములు స్వీకరించెను. స్వామివారు అతనిని సంపాదన మానుకొమ్మని చెప్పలేదు. అహింసా వ్రతము చెడకుండుటకు ఐదు అతిచారములను తెలిసికొని విడువుమని చెప్పిరి. అవి ఏవనగా: కట్టివేయుట, కొట్టుట, అవయవములు కోయుట, మోయలేని బరువు మోపుట, అన్నపానములు ఆపుట. ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థసూత్రము ఏడవ అధ్యాయమునందు చెప్పినవియు ఈ ఐదే. కావున శ్వేతాంబర దిగంబర భేదము ఇచ్చట లేదు.

ఇవి బండి ఎద్దుకు చెప్పిన మాటలు, మనుష్యులకు కావు అని కొందరు అందురు. వ్యాఖ్యాతలు రెండు కాళ్ల ప్రాణిని, నాలుగు కాళ్ల ప్రాణిని కలిపియే చెప్పినారు. కొట్టుట, కోయుట అను రెండును ఏ పేఢీలోను జరుగవు గాక. తక్కిన మూడింటి సంగతి ఏమి?

ఇద్దరు చేయవలసిన పని ఒక్కని నెత్తిన పెట్టి, దీపావళి బేరములు ముగియువరకు సెలవు లేదనుట అతిభారము. మధ్యాహ్నము మూడు గంటలైనను అన్నపు క్యారియరు విప్పుటకు తీరిక ఇయ్యకపోవుట అన్నపాన నిరోధము. జీతము ఒకటవ తేదీకి ఇయ్యక ‘రేపు, ఎల్లుండి’ అని త్రిప్పుటయు అదియే. గుమాస్తా జీతము ఆగినచో అతని ఇంట పొయ్యి ఆగును, పిల్లవాని బడి జీతము ఆగును. ఇక బంధము. పెండ్లికో వైద్యమునకో అప్పు ఇచ్చి, అది తీరువరకు వేరొక చోటికి కదలనీయకుండుట త్రాడు లేని కట్టు. ఈ దోషములు చిట్టాకు ఎక్కవు, ఆవర్జాలో కనిపింపవు. కర్మ ఖాతాలో మాత్రము నాటి పద్దు నాడే పడును.

యజమాని మంచివాడైనంత మాత్రమున చాలునా? చందనబాల కథ దీనికి సమాధానము. చంపానగర రాజైన దధివాహనుని కుమార్తె వసుమతి, రాజ్యము పోయి, కౌశాంబి అంగడిలో బానిసగా అమ్మబడినది. ధనవాహుడను శ్రేష్ఠి ఆమెను కొని కూతురువలె చూచుకొనెను. చల్లని స్వభావము వలన ఆమెకు చందన అను పేరు వచ్చెను. శ్రేష్ఠి భార్యయైన మూల అసూయ పడి, భర్త ఇంట లేని సమయమున ఆమె తల గొరిగించి, కాళ్లకు సంకెళ్లు వేయించి, గదిలో పెట్టి తాళము వేసినది. మూడు దినములు అన్నము లేదు, నీరు లేదు. తిరిగి వచ్చిన శ్రేష్ఠి విచారింపగా, ఒక ముసలి దాసి భయము విడిచి నిజము చెప్పినది. చేతికి అందిన ఉడికించిన మినుములను చేటలో పెట్టి ఇచ్చి, సంకెళ్లు తెగగొట్టుటకు కమ్మరిని పిలువ శ్రేష్ఠి పరుగెత్తెను. ఐదు నెలల ఇరువదియైదు దినములు ఉపవాసముండిన మహావీర స్వామి ఆ గడప వద్దనే నిలిచి, ఆ మినుములనే భిక్షగా గ్రహించిరి. పిదప 36,000 మంది సాధ్వులకు అధినేత్రియైనది ఈ చందనయే.

ఈ కథలో శ్రేష్ఠి దుర్మార్గుడు కాడు. అయినను బంధము, అన్నపాన నిరోధము రెండును అతని ఇంటిలోనే జరిగినవి. అతడు ఎరుగడు, అంతే. నేటి పేఢీలలోను ఇట్లే జరుగును. గద్దెమీది యజమాని నవ్వుచు పలుకరించును. వెనుక గోదాములో పెద్ద మునీము కుఱ్ఱవానిని నోటికి వచ్చినట్లు తిట్టును. కావున యజమాని అప్పుడప్పుడు గోదామునకు పోయి, చిన్నవానిని ప్రక్కకు పిలిచి అడుగవలెను. నిజము చెప్పు ముసలి దాసికి భయము లేకుండ చేయుట యజమాని పని.

పురాణ కాలము మాట అట్లుండ, గత శతాబ్దిలో ఒక జైన కుటుంబములోనే ఈ పరీక్ష జరిగినది. అహమ్మదాబాదులో అంబాలాల్ సారాభాయి మిల్లు యజమాని. ఆయన అక్క అనసూయాబెన్, 36 గంటలు ఎడతెగక పనిచేసి సోలిపోవుచు వచ్చుచున్న కూలీలను చూచి, వారి పక్షమున నిలిచినది. 1918లో, ప్లేగు నాటి అదనపు భత్యమును యజమానులు తీసివేయగా తగవు పుట్టినది. యుద్ధకాలపు ధరలు మండుచుండెను. కూలీలు నూటికి 50 వంతున పెంపు కోరిరి, యజమానులు 20కి మించమనిరి. గాంధీజీ విచారించి 35 న్యాయమనిరి. తమ్ముడు ఒక వైపు, అక్క మరియొక వైపు. గాంధీజీ మూడు దినములు ఉపవసించిన పిమ్మట తగవు మధ్యవర్తికి అప్పగింపబడినది. ఆనందశంకర్ ధ్రువగారు 35కే తీర్పు చెప్పిరి. 1920లో మజూర్ మహాజన్ సంఘము వెలసి, కూర్చుండి మాటలాడి తగవులు తీర్చుకొను పద్ధతి నిలిచినది. అక్కయే గెలిచినదని చెప్పుట కంటె, ఆ ఇంటి వ్రతము నిలిచినదని చెప్పుట మేలు.

దయ తనంతట తాను రానిచోట చట్టము వచ్చును. దుకాణములలో పనివారు కూర్చుండుటకు ఆసనము ఉండవలెనని 2018లో కేరళము, 2021లో తమిళనాడు చట్టము చేసినవి. ఒక ముక్కాలిపీట కొరకు శాసనసభ కూడవలసి వచ్చుట వర్తక లోకము ఆలోచింపవలసిన విషయము. అతిభారము కూడదని విన్న శ్రావకుని కొట్టులో ఆ పీట ఎన్నడో ఉండవలసినది.

ఇందు వ్యాపార లాభమును కలదు. ఏ చీర ఏ అరలో ఉన్నదో, ఏ ఊరి ఖాతాదారు ఏ నెలలో బాకీ తీర్చునో పాత గుమాస్తాకు నోటికి వచ్చును. అతడు విసిగి ఎదుటి కొట్టుకు పోయినచో ఆ తెలివి అంతయు అతనితోనే పోవును, వెనుకనే కొందరు ఖాతాదారులును పోవుదురు. క్రొత్తవాడు ఆ అరలు, ఆ ముఖములు నేర్చుకొనుటకు ఏండ్లు పట్టును. కొట్టుకు వచ్చినవారు మొదట చూచునది గుమాస్తా ముఖము. ఆ ముఖము వాడియున్నచో సరకు ఎంత మంచిదైనను బేరము తెగదు. మనసు కుదిరి పనిచేయువాడు యజమాని లేనప్పుడును గల్లాపెట్టెను తన ఇంటి పెట్టె వలె కాపాడును. అయితే లాభము కొరకే దయ చూపుట బేరమగును. వ్రతము కొరకు దయ చూపినచో లాభము నీడవలె వెంట వచ్చును.

పర్యూషణము ముగియు సంవత్సరి నాడు జైనులు ‘మిచ్ఛామి దుక్కడం’ అని క్షమాపణ కోరుదురు. బంధువులకు, ఖాతాదారులకు, దూరదేశములందలి మిత్రులకు సెల్‌ఫోనులో ఆ మాట పంపుదురు. వారిలో చాలమందిని ఏడాది పొడుగున నొప్పించుటకు అవకాశమే ఉండదు. నొప్పించినది ప్రతిదినము ఎదుట నిలిచిన మనిషిని. ఈ సంవత్సరి మరునాడు కొట్టు తెరచినప్పుడు, యజమాని గద్దె దిగి, చేతులు జోడించి, మొదటి క్షమాపణ ఆ గుమాస్తాకు చెప్పుగాక! చెప్పి, ఒక పీట వేయించుగాక! ఆ నాటినుండి ఆ పేఢీలో లక్ష్మి నిలుచును, వ్రతమును నిలుచును.

జై జినేంద్ర!