నొప్పి ఉన్నంతసేపే భక్తి

చేవెళ్ల మార్కెట్‌లో టమాటా దించి అటునుంచి అటే నా క్లినిక్‌కు వచ్చే రైతులది ఒకటే మాట: "సారూ, గుంజెయ్." దవడ వాచి ఉంటుంది. లవంగనూనెలో ముంచిన దూది ఇంకా పంటి సందులోనే ఉంటుంది. నరం తీసి క్యాపు వేస్తే పన్ను నిలుస్తుందంటే, "ఎన్నిసార్లు రావాలె? ఎంతయితది?" అంటారు. మొయినాబాద్ కాలేజీల పిల్లల కోరికలు వేరు: ఎత్తుపళ్లు సర్దాలి, ఫొటోలో తెల్లగా పడాలి. ఏ నొప్పీ లేకుండా "ఒకసారి చూడండి" అని వచ్చేవాళ్లు అరుదు.

గీత ఏడో అధ్యాయంలో కృష్ణుడు తనను కొలిచేవాళ్లు నాలుగు రకాలన్నాడు: ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని. జ్ఞాని తన ఆత్మేనన్నాడు గానీ, నలుగురూ ఉదారులేనన్నాడు. మా వృత్తికి అంత పెద్ద మనసు లేదు. వాపుతో వచ్చినవాణ్ని ముందు "ఇన్నాళ్లూ ఏం చేశావ్?" అని గద్దిస్తాం. ఏం చేస్తాడు, కోతల్లో ఉన్నాడు. (యూట్యూబ్ చూసొచ్చే జిజ్ఞాసువులతోనే నాకు ఓపిక తక్కువ.)

అయితే ఆర్తుడు అడిగింది ఇచ్చేస్తే సరిపోతుందా? ఎనామిల్‌లో నరాలుండవు కాబట్టి పుచ్చు పైపొరలో ఉన్నంతకాలం ఏమీ తెలియదు. లోపలి గుజ్జును తాకాక రాత్రుళ్లు నిద్ర ఉండదు. ఆ గుజ్జు చచ్చిపోతే నొప్పి ఉన్నట్టుండి ఆగిపోతుంది. మొక్కు ఫలించిందనుకుని మనిషి వెనక్కి వెళ్లిపోతాడు. చీము మాత్రం వేరు కింద తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. అందుకే బాధ పోవాలన్న కోరికకు నేను వెంటనే తలూపను, వచ్చిన మనిషి ఎంత దయనీయంగా ఉన్నా సరే.

మొయినాబాద్ మండలంలోనే చిలుకూరు బాలాజీ ఉన్నాడు. కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. వీసా వచ్చినవాళ్లు ఎండనకుండా తిరిగొచ్చి 108 పూర్తిచేస్తారు. అలాంటివాళ్లే రూట్ కెనాల్ మొదటి సిట్టింగ్‌లో నొప్పి తగ్గిందంటే మళ్లీ నా గడప తొక్కరు. క్యాపు లేని ఆ పన్ను ఏ చెరుకుముక్క దగ్గరో విరుగుతుంది. దేవుడంటే భయం, డాక్టరంటే లోకువ అని సరిపెట్టుకోవచ్చు గానీ, అది కారణం కాదనుకుంటాను. చిలుకూరులో హుండీ లేదు. డబ్బు పుచ్చుకోని దేవుడి బాకీ కాళ్లతో తిరిగే తీర్చాలి. నా బాకీ అంటారా, కౌంటర్ దగ్గరే తీరిపోయింది.

అలాగని నేను హుండీ ఎత్తేయలేను. డెంటల్ కుర్చీకి ఇంకా ఈఎంఐ కడుతున్నాను.